తక్కువ రాసిన బరువు

ముందుగా ఒక మాట. నా కథల్లో పెంచి చెప్పడం ఉంటుంది గానీ తగ్గించి చెప్పడం ఉండదు. అది మా వంశంలోనే లేదు. మూడో తరగతిలో నేను చూసిన పాము బడి గోడంత పొడవుందని చెబితే, పంతులుగారు నన్ను ఆ గోడ పక్కనే నిలబెట్టి, బెత్తం ఆడిస్తూ, "సరిగ్గా చూసి చెప్పు" అన్నారు. సరిగ్గా చూసి, గోడకన్నా రెండు జానలు ఎక్కువే ఉంటుందని సవరించాను. అలాంటివాణ్ణి. కాబట్టి ఇందులో ఏ అంకైనా మీకు మరీ పెద్దదనిపిస్తే కాస్త కోసుకుని చదువుకోండి. చిన్న చేసి చెప్పిన అంకె మాత్రం, ఒట్టు, ఒక్కటీ ఉండదు.

ఇక ఆవిడ సంగతి.

ఆవిడ జిమ్‌లో గోడవార బల్లమీద కూర్చుని, రెండు అరచేతులూ మోకాళ్ళమీద బోర్లించుకుని, తన వంతు కోసం చూస్తోంది. గోడ గడియారం పొద్దున్న ఆరూ ఇరవై అయిదంటోంది, అంటే ఆరూ ఇరవై, ఎందుకంటే ఆ గడియారం అయిదు నిమిషాలు ముందు నడుస్తుంది, నడుస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు, అయినా ఎవరూ స్టూలెక్కి సరిచెయ్యరు, మనుషులంతే, తప్పు ఫలానా అని తెలిసిపోయాక ఇక దాంతో కాపురం చేసేస్తారు. ఏడింటికి అమ్మాయి వస్తుంది. పళ్ళ డాక్టరు అది, ఏడంటే ఏడే, ఒకళ్ళ నోరు మూయించి ఇంకొకళ్ళ నోరు తెరిపించే వృత్తి, రాగానే "ఊఁ, చూపించమ్మా" అంటుంది, కూర్చోను కూడా కూర్చోదు. చూపించాలి. నేలమీదున్న అరవై రెండు కిలోల ఇనుము మోకాళ్ళు దాటి తొడలదాకా రావాలి, వచ్చి నిలబడాలి, ఊరికే ఒక కుదుపు కుదిపి వదిలేస్తే చెల్లదు. వచ్చిందా, ఆయన ఇంట్లోనే ఉంటారు, తన కుర్చీలో, తన కిటికీ పక్కన, తన అబద్ధాల మధ్య. రాలేదా, వంతెన అవతలి పెద్ద భవనంలో, నర్సులుండే చోట, పదిహేనో గది. గది కూడా చూసి వచ్చారు. శుభ్రంగా ఉంది. గోడలు లేత ఆకుపచ్చ. అక్కడ కూర్చున్న ముసలాయన ఒకాయన వాళ్ళ వైపు చూసి చెయ్యి ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు, వీళ్ళు బయటికి వచ్చి కారెక్కేదాకా ఊపుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, పో అవతలికి.

ప్లేట్లు తొడిగే ఇనుప బార్ దగ్గర బీరువా ఉన్నాడు. బీరువా అంటే మనిషే. గ్రంథాలయంలో పని, గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావలసినంత ఒళ్ళు, మాట మాత్రం పుస్తకాలు నిద్రలేస్తాయేమోనన్నట్టు మెల్లగా ఉంటుంది. అయిదుసార్లు ఎత్తి అయిదు నిమిషాలు కూర్చుంటాడు, కూర్చుని జేబులోంచి చిన్న పుస్తకం తీసి చదువుకుంటాడు, చదువుతూ పెదాలు కదుపుతాడు.

"మామ్మగారూ, ఇంకో రెండు విడతలే," అన్నాడు వేళ్ళు చూపించి.

"కానీ నాయనా, నాకేం తొందర," అంది, అని నాలుక కరుచుకుంది, తొందర ఉంది కదా మరి, లేకపోతే గుండె ఇలా ఎందుకు కొట్టుకుంటోంది, బరువెత్తకముందే కొట్టుకుంటోంది, దీన్నంతా దాచుకుని ఎత్తేటప్పుడు కొట్టుకోవచ్చు కదా. జేబులో వేయించిన శనగలున్నాయి. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. పిడికెడు వచ్చాయి, ముప్పై రెండు గ్రాములు, అయిదారు గింజలు వెనక్కి జారవిడిచింది, ఇప్పుడు ముప్పై. నోట్లో వేసుకుని నమిలింది. ఎదుటి అద్దంలో ఒక పెద్దావిడ శనగలు నములుతోంది, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుంది, మనవరాలు పాతదని పారేయబోయిన బూట్లు, ఊదారంగువి, చీకట్లో మెరుస్తాయట, భుజాలేమిటి అలా ఉన్నాయి, ఎవరివి ఆ భుజాలు, ఓహో నావే.

ఆవిడ చేతుల గురించి చెప్పకపోతే ఈ కథకి కాళ్ళుండవు. పోస్టాఫీసు పార్సెళ్ళ కౌంటర్లో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్న చేతులవి. ముందు ఎడంచేతిలోకి తీసుకోవడం, తర్వాత కుడిచేతిలోకి మార్చడం, అంతే, కాటామీద పెట్టకముందే అంకె నోట్లో ఉండేది. అక్కడ అందరూ ఆవిణ్ణి కాటా అనేవాళ్ళు, ఇక్కడికి వచ్చాక కాటా మామ్మ అయింది. ఒకసారి అసలు కాటా చెడిపోతే తొమ్మిది రోజులు ఆవిడ చేతిమీదే కౌంటర్ నడిచింది, బాగుచేసినవాళ్ళు వచ్చి సరిచూస్తే తొమ్మిది రోజులకీ కలిపి చెంచాడు పంచదార తేడా వచ్చింది. ఇంకోసారి పార్సెల్ చేతిలో ఉండగానే "ముందు ఆ ఈగని తోలండి" అందట. ఇది నేను చూడలేదు, కానీ ఈగ చూసింది.

అయితే ఆ కౌంటర్లో అసలు పని తూచడం కాదు, మనుషుల్ని చూడటం. చీటీమీద బరువు ఎవరి పార్సెల్‌కి వాళ్ళే రాసి తేవాలి, తెచ్చేవాళ్ళలో సగంమంది తగ్గించి రాస్తారు, అయిదున్నర ఉంటే అయిదని, పన్నెండుంటే పదని, రాసి మొహం అమాయకంగా పెడతారు, కళ్ళు మాత్రం గోడమీద నోటీసు చదువుతుంటాయి. ఆవిడ తిట్టేది కాదు. కాటా చూపించేది కాదు. చీటీని వాళ్ళవైపు తిప్పి, పైన పెన్ను పెట్టి, "మళ్ళీ రాయండి" అనేది. అంతే. పెద్ద పెద్ద కోటులవాళ్ళు కూడా చిన్నబోయి మళ్ళీ రాసేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళలో తక్కువ రాసిన పార్సెల్ ఒక్కటి కూడా తన చేతి కిందనుంచి దాటిపోలేదు. ఆ మాట ఇప్పుడెందుకు, బార్ మీద ఎంత ఉంటే అంతే, అరవై రెండు, అమ్మాయికి తెలిసింది అరవై రెండు, ఇక్కడ ఎత్తడం నేర్పే కోచ్ పిల్లకి తెలిసింది అరవై రెండు, చేతులూ, మీరు కాసేపు నోరు మూసుకోండి.

బీరువా ఎత్తాడు. నేలంతా ధన్‌మంది. కింద పరుపుల దుకాణం, ఇక్కడ దించిన బరువంతా అక్కడి పరుపులమీద పడి మెత్తబడిపోతుందని కోచ్ పిల్ల నవ్వుతుంది. పిల్ల అని ఆవిడే అంటుంది గానీ ముప్పై నాలుగేళ్ళు, పొట్టిది, ఒకప్పుడు ఇనుప గుండు విసిరేదట, ఆ గుండు ఎంత దూరం వెళ్ళిందో అడిగితే "ఇంకా పడలేదమ్మా" అంటుంది, ఆ మాట విన్నప్పుడే ఆవిడకి ఈ పిల్లమీద గురి కుదిరింది, ఇంట్లో ఒకరితో నలభై మూడేళ్ళు అలాంటి మాటలు విని విని అలవాటై ఉంది కదా.

మొదటిరోజు ఆ పిల్ల కాగితం పెట్టుకుని కూర్చుంది. పాలు? మానేశానమ్మా. పెరుగు, వెన్న? పాలలోవేగా. గుడ్లు? ఊహూఁ. తేనె? అది తేనెటీగలు వాటికోసం చేసుకున్నది. పిల్ల పెన్ను చెవి వెనక పెట్టుకుని, "వీగనా! ఈ వయసులో! మరి ఏం తింటారమ్మా?" అంటే, ఆవిడ చెప్పుకుంటూ పోయింది, కందిపప్పు, పెసలు, సోయా చిక్కుడు, వేరుశనగ, నువ్వులు, ఆకుకూరలు, సోయాపాల కాఫీ, పిల్ల రాసుకుంటూ పోయి, "ఇవన్నీ తింటున్నారు సరే, ఎంత తింటున్నారు?" అని అడిగింది. అక్కడ దొరికిపోయింది ఆవిడ. ప్రపంచంలో వస్తువులన్నీ తూచిన మనిషి తన పళ్ళెం ఎప్పుడూ తూచుకోలేదు. మిగిలింది తినడమే. ఆయనకి వడ్డించగా మిగిలింది, మనవరాలికి పెట్టగా మిగిలింది. "ఇకనుంచి మీ పళ్ళెం ముందు," అంది పిల్ల. అదీ అసలు కష్టం, ఇనుము కాదు. మొదటి వారం రెండు గరిటెల పప్పు ముందు తనకి వేసుకుంటే దొంగతనం చేసినట్టనిపించింది, చుట్టూ చూసింది కూడా. ఆడపడుచు ఒకటే ఎత్తిపొడుపు, "గడ్డీ గాదం తిని గుండ్లెత్తుతావా వదినా, ఎముకలు పుల్లల్లా విరుగుతాయి జాగ్రత్త." "మీ పెరట్లో గడ్డి బాగా పెరిగిందన్నారుగా, రేపొచ్చి మేసేసి పోతాలెండి," అంది. ఆడపడుచు ఇంకా పెరట్లోకి చూసుకుంటోందట.

తిండి మారడం వెనక ఒక పెట్టె ఉంది. అట్టపెట్టె, చుట్టూ వేలు పట్టేంత చిల్లులు, మీద "కోడిపిల్లలు, నూరు" అని రాసి ఉండేది. అలాంటివి ఏడాదికి పది పన్నెండు వచ్చేవి, ఆవిడకి ఆ పెట్టెలంటే సరదా, చేతిలోకి తీసుకోగానే లోపలి బరువు ఒక మూలనుంచి ఇంకో మూలకి తనంతట తనే సర్దుకునేది, ఎవరో మన చేతిలో చెయ్యి పెట్టినట్టుండేది. ఒక ఏడు వరదొచ్చి దారులు తెగిపోయి పెట్టె వెనకగదిలో మూడు రోజులుండిపోయింది. చిల్లుల్లోంచి నీళ్ళు పట్టింది, గింజలు పోసింది, తన శాలువా కప్పింది. మూడోరోజు ఎత్తితే కాటామీద అంకె దాదాపు అదే. చేతిలో మాత్రం కదలిక లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి పొద్దున్నే గుడ్డు చేతిలోకి తీసుకుని, యాభై అయిదు గ్రాములు, గిన్నెలో వెయ్యబోయి మళ్ళీ బుట్టలో పెట్టేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఉపన్యాసాలివ్వలేదు. గుడ్డు వెళ్ళిపోయింది, దాని వెనకే ఒక్కొక్కటీ చెప్పులేసుకుని వెళ్ళిపోయాయి, పాలు, పెరుగు, వెన్న. ఆయన మాత్రం, "నీ నిర్ణయానికి నా జోహార్లు, నా నాలుకని మాత్రం ఇందులోకి లాగకు" అని, రెండు వీధుల అవతల బేకరీతో స్నేహం చేసుకున్నారు. వెన్న బిస్కెట్లు. సాయంత్రం నడకకని వెళ్తారు. నడక ఎంతో బిస్కెట్లెన్నో ఎవరికి తెలుసు.

చేతులకి తెలుసు. అబ్బ, మళ్ళీ.

బీరువా కూర్చుని పుస్తకం తీశాడు. ఇంకా ఒక విడత. ఆరూ ముప్పై అయిదు. సుద్దపొడి వాసన బడి వాసనలా ఉంది. రేడియోలో ఎవరో హుషారుగా పాడుతున్నారు, మాటలు తెలియడం లేదు, తెలియకపోవడమే బాగుంది. అవతల ఇద్దరు అమ్మాయిలు తాడు గెంతుతున్నారు, నేలమీద తాడు తపతప తపతప, ఆ రోజు బాత్‌రూమ్‌లో కుళాయి ఇలాగే కారుతూ ఉంది, తప, తప, కట్టేద్దామంటే ఆయన కాళ్ళు అడ్డం. పదకొండు నెలలైంది. గోడకీ నీళ్ళ తొట్టికీ మధ్య ఇరుక్కుని పడిపోయారు, దెబ్బ తగల్లేదు, మోకాలు మాత్రం లేవనివ్వలేదు, ఆవిడ చంకల కింద చేతులేసి లాగింది, ఒక్క అంగుళం రాలేదు, మళ్ళీ లాగింది, తనే జారి పక్కన కూలబడింది. ముప్పై ఒక్క ఏళ్ళు లోకం బరువంతా ఈ చేతులమీదుగా పోయింది, ఒక్క మనిషిని లేపలేకపోయాయి. దిండు తెచ్చి ఆయన తలకింద పెట్టి, చల్లటి టైల్స్ మీద పక్కనే కూర్చుంది. పై అంతస్తు సంగీతం మాస్టారు పాఠం ముగించి దిగి వచ్చి ఆయన్ని లేపేదాకా రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఆయన కథలు చెబుతూనే ఉన్నారు, చిన్నప్పుడు తాను బావిలో పడితే కప్పలన్నీ కలిసి పైకి తోశాయని, వాటిలో ఒకటి ఆయాసపడితే తనే వీపు తట్టానని, ఆవిడ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ, "ఎంత బరువున్నారండీ మీరు?" అని అడిగింది. "అరవై రెండు," అన్నారు టక్కున. అప్పుడు కళ్ళు ఎటు చూశాయి? కుళాయి వైపు. నోటీసు చదివేవాళ్ళలాగే. చూసింది, చూసి కూడా ఊరుకుంది, నేలమీద పడున్న మనిషికి "మళ్ళీ రాయండి" అని ఎలా చెబుతుంది?

అమ్మాయి వచ్చింది, విషయం విన్నది, ఏడ్చింది, ఏడుపు తుడుచుకుని వారం తిరక్కుండా ఆ భవనం దరఖాస్తు తెచ్చింది. దాని తప్పేం లేదు. "ఇంకోసారి పడితే ఎలా అమ్మా? నువ్వు లేపలేవు. అక్కడ లేపేవాళ్ళుంటారు." అంది అంతే, అందులో అబద్ధమేముంది. దరఖాస్తులో బరువు అనే గడి ఉంది, ఆయన తన చేత్తోనే అరవై రెండు అని గుండ్రంగా రాశారు. ఆ గడి వైపు చూస్తూ చూస్తూ ఆవిడ నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది మాట. "ఏడాది టైమియ్యి. ఆ బరువు నేలమీంచి ఎత్తి చూపిస్తే?" అమ్మాయి నవ్వలేదు. తల్లి పోలిక, బేరంలో నవ్వదు. "ఎత్తితే ఆ మాట మళ్ళీ నేనెత్తను," అంది. మర్నాడే ఈ మెట్లెక్కింది. మొదటి నెలంతా చేతికి చీపురుకర్ర ఇచ్చింది కోచ్ పిల్ల, వంగడం, నిలబడటం, నడుం తిన్నగా, మోకాళ్ళు బయటికి. "ఇంట్లో నలభై ఏళ్ళు పట్టుకున్నది చాలదనా ఇక్కడ కూడా?" అంటే, "ఇంట్లో తప్పుగా పట్టుకున్నారమ్మా" అంది. తర్వాత ఒట్టి బార్, ఇరవై కిలోలు. ముప్పై. నలభై ఎత్తిన రోజు మెట్లమీద పాట పాడుకుంటూ దిగింది, పరుపుల దుకాణం ఆయన లేచి నిలబడ్డాడు. యాభై దగ్గర రెండు నెలలు ఆగిపోయింది, పప్పు ఇంకో గరిటె పెంచాక కదిలింది. మొన్నటికి మొన్న అరవై రెండు వచ్చింది. అరవై మూడు ఎప్పుడూ ఎత్తలేదు. అది జ్ఞాపకం ఉండాలి, చేతులూ. అరవై మూడు కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

కానీ కిందటి నెల ఆయన బల్బు మారుస్తానని స్టూలెక్కి, ఒరిగి, పడబోతే, ఆవిడ వెనకనుంచి చంకల కింద పట్టుకుంది. పట్టుకుని మెల్లగా కిందికి దించింది, రెండు క్షణాలు, ఆయన "భేష్" అన్నారు బల్బుతో అన్నట్టు. ఆ రెండు క్షణాల్లో చేతులు చెప్పేశాయి. నలభై మూడేళ్ళలో ఆ మనిషిని పూర్తిగా ఎత్తి పట్టుకోవడం అదే మొదలు మరి, బాత్‌రూమ్‌లో లాగిందే గానీ ఎత్తింది లేదు, ఎత్తకుండా బరువెలా తెలుస్తుంది? అరవై ఎనిమిది, అన్నాయి చేతులు. ఆవిడ విననట్టు ఊరుకుంది. నెలరోజులుగా వినడం లేదు. వంట చేస్తున్నా అంటున్నాయి, పడుకున్నా అంటున్నాయి, ఇప్పుడు మోకాళ్ళమీద బోర్లా పడుకుని కూడా అంటున్నాయి, అరవై ఎనిమిది, అరవై ఎనిమిది, తాడు గెంతుతోంది, అరవై ఎనిమిది. ఎవరికి తెలుస్తుందిలే. అమ్మాయికి తెలియదు. బార్ మీద అరవై రెండు పెట్టి ఎత్తేస్తే ఆయన ఇంట్లో ఉంటారు, కథ కంచికి. కానీ రేపు ఆయన నిజంగా పడితే, పడేది అరవై రెండు కాదు కదా. పడేది ఆయనంతా. చీటీమీద రాసింది ఒక్కటే పడి, రాయనిది గాలిలో ఉండిపోదు కదా. అవునుగానీ, ఆరు కిలోలు వేయించి, ఎత్తలేకపోతే? పదిహేనో గది. లేత ఆకుపచ్చ. ఊపుతున్న చెయ్యి. నిజం చెప్పినందుకు ఆయన్ని పంపించుకున్నట్టవుతుంది. ఇలాంటి పార్సెల్ ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కటి రాలేదు తన కౌంటర్‌కి, తక్కువ రాస్తే ఇంట్లో ఉండేది, సరిగ్గా రాస్తే ఊరు దాటిపోయేది.

"అయిపోయింది మామ్మగారూ," అన్నాడు బీరువా. తన ప్లేట్లు తనే తీసి, బార్ తుడిచి, ఆవిడ ప్లేట్లు తనే తొడిగాడు. ఇరవై బార్, రెండువైపులా ఇరవై ఇరవై, ఒక్కొక్క కిలో చిన్నవి రెండు. "నేనిక్కడే ఉంటాను," అని పుస్తకం మూసేశాడు, ఎక్కడ ఆపాడో గుర్తు కూడా పెట్టుకోలేదు.

మెట్లమీద చప్పుడు. అమ్మాయి బూట్లు, టకటక. దాని వెనక కర్ర చప్పుడు. కర్రా? రావద్దని చెప్పింది ఆయనకి, వస్తే తనకి వణుకొస్తుందని, ఆయన రానని ప్రమాణం చేశారు, దేనిమీద ప్రమాణం చేశారో అప్పుడే అడగాల్సింది. వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, కడిగిన ముత్యంలా, చొక్కా ఇస్త్రీ, జుట్టు దువ్వుకుని, మెడపట్టీ మీద ఒక బిస్కెట్ పొడి. ఇంత పొద్దున్నే! బేకరీ తలుపు తీయకముందే వెళ్ళి కూర్చున్నట్టున్నారు. పావు గ్రాము కూడా ఉండదు ఆ పొడి. అది చూసింది ఆవిడ. అది చూసి, ఎందుకో, నవ్వొచ్చింది, నవ్వుతోపాటు గుండె దడ ఎటో పోయింది.

"ఊఁ, చూపించమ్మా," అంది అమ్మాయి.

"ఉండవే," అంది ఆవిడ. "ఏమండీ, మీ బరువెంత?"

"అరవై రెండు," అన్నారాయన గడియారం వైపు చూస్తూ. "దరఖాస్తులో రాశాగా."

"మళ్ళీ చెప్పండి."

"అరవై... రెండు, కొంచెం అటూ ఇటూ."

"ఎటు?"

మూలన మనుషుల్ని తూచే మిషన్ ఉంది. ఆవిడ దాని వైపు చూసింది, అంతే. ఆయన కర్ర బీరువా చేతికిచ్చి, ఉరికంబం ఎక్కుతున్నట్టు ఎక్కారు. "బూట్లు మూడు కిలోలుంటాయి," అన్నారు. "విప్పండి," అంది. విప్పారు. "కళ్ళజోడు?" అన్నారు. కోచ్ పిల్ల వంగి అంకె చూసి ఈల వేసింది. "అరవై ఎనిమిది!"

"పిల్లా," అంది ఆవిడ, "చెరో మూడూ వెయ్యమ్మా."

"అమ్మా, ఒక్కసారే ఆరు కిలోలా? ఇవాళొద్దమ్మా, వచ్చే నెల..."

"ఆయన వచ్చే నెల పడతానని రాసిచ్చారా?"

అమ్మాయి ముందుకొచ్చింది. "అమ్మా, నేను అరవై రెండే అన్నాను. అది ఎత్తు చాలు. నాకు చాలు."

"నీకు చాలు. నాకు చాలదు," అంది, సుద్దపొడి చేతులకి రాసుకుంటూ.

వంగింది. బార్ చల్లగా ఉంది. పట్టు గరుకు. ఊపిరి నిండా పీల్చి కడుపు బిగించింది. బార్‌ని పైకి లాగకండమ్మా, నేలని కిందికి తొక్కండి, అనేది పిల్ల, తొక్కింది. రాలేదు. బార్ కిర్రుమంది, అంతే. అద్దంలో పెద్దావిడ మొహం ఎర్రబడింది. రాలేదు, రాలేదు, ఆకుపచ్చ గోడ, చెయ్యి ఊపుతోంది, చల్లటి టైల్స్, తప, తప, ఒక్క అంగుళం కూడా, కప్పలన్నీ కలిసి తోశాయి, ఒక కప్పకి ఆయాసం, ఛ, ఇప్పుడా నవ్వు, నవ్వితే గాలి పోతుంది, తొక్కు, పప్పు పెసలు సోయా, తొక్కు, ముందు నా పళ్ళెం, తొక్కు, పెట్టెలో బరువు ఒక మూలనుంచి ఇంకో మూలకి సర్దుకుంది, ఏదో సర్దుకుంది, చేతుల్లో కాదు, ఎక్కడో కింద, మడమల్లో, నేల ఒక్కసారిగా లొంగినట్టయింది, బార్ మోకాలి చిప్పల్ని రాసుకుంటూ వస్తోంది, ఇదేమిటి, వస్తోంది, అద్దంలో పెద్దావిడ నిటారుగా నిలబడి ఉంది, ఊదారంగు బూట్లేసుకుని, చేతుల్లో ఒక మొగుణ్ణి పట్టుకుని.

బీరువా గ్రంథాలయం మరిచిపోయి అరిచాడు. తాడు ఆగింది. ఆవిడ దించలేదు. అమ్మాయి వైపు చూస్తూ మూడు లెక్కపెట్టి, అప్పుడు దించింది, నేల ధన్‌మంది, కింద పరుపులన్నీ ఉలిక్కిపడి ఉంటాయి.

అమ్మాయి వంగి, ప్లేట్లమీది అంకెలు ఒక్కొక్కటీ చదివి చూసుకుంది. తర్వాత, "ఇనుము ఊరికే ఉంటుందమ్మా. నాన్న కదులుతాడు," అంది. అన్నది వాదనకి కాదు, అలవాటుకి.

"కదలనీవే," అంది ఆవిడ ఆయాసపడుతూ. "కదిలే బరువే నయం. నాకు తెలుసు."

అమ్మాయి సంచీలోంచి దరఖాస్తు తీసి, మడిచి, మళ్ళీ మడిచి, చిన్న బిళ్ళంత చేసింది. "మా ఆసుపత్రిలో బల్ల ఒకటి ఊగుతోంది," అంది. "దాని కాలికింద పెడతాను." ఆవిడ జేబులోంచి శనగలు తీసి ముందు తన నోట్లో వేసుకుని, ఆ తర్వాత అమ్మాయికి పెట్టింది, బీరువాకి పెట్టింది, కోచ్ పిల్లకి పెట్టింది. మిషన్ మీద ఇంకా నిలబడే ఉన్న ముసలాయనకి మాత్రం, "మీకు పొద్దున్నే అయిందిగా," అని, మెడపట్టీ మీది పొడి దులిపింది.

ఆ ముసలాయన ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నిన్న ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. వంటింట్లో పెసలు కడుగుతూ వింది. "నేను మనసులో అనుకున్నవన్నీ మీకెలా తెలిశాయండీ?" అంది. "నువ్వు మనసులో అనుకునేది వీధి చివరిదాకా వినబడుతుంది," అన్నాను. ఈగ దగ్గర నవ్వింది. కోడిపిల్లల దగ్గర కడగడం ఆపింది. చివరిదాకా విని, చేతులు తుడుచుకుని, కాగితాలు తీసుకుని, ఎడంచేతిలోంచి కుడిచేతిలోకి మార్చింది.

"అంతా బాగుంది. ఒక్కచోట బరువు తగ్గింది," అంది. "చెరో మూడూ అని రాశారు. ఆ జిమ్‌లో మూడు కిలోల ప్లేట్లు ఎక్కడున్నాయండీ?"

లేవు. ఒప్పుకుంటున్నాను. కిలోవి రెండే, అవి అప్పటికే బార్ మీదున్నాయి, రెండున్నరవి ఉన్నాయి, అయిదువి ఉన్నాయి, మూడువి నేను పోత పోసినవే. పాము కథ నిజం, కప్పలు నిజం, ఈగ నిజం, కల్పించింది ఆ ఒక్కటే. ఆ రోజు మిషన్ చూపించిన అంకె కూడా అరవై ఎనిమిది కాదు, ఆవిడ చేతులు నెలరోజులు చెప్పిన అంకె కూడా అది కాదు. రాస్తూ రాస్తూ అక్కడికి వచ్చేసరికి, నలుగురూ చదువుతారు కదా అని, పెన్ను కాస్త సిగ్గుపడింది. జీవితంలో మొదటిసారి ఒక అంకె తగ్గించి చెప్పాను, తగ్గించింది నా ఒంటిది, తగ్గిపోయింది మాత్రం ఆవిడ ఎత్తినది. మా వంశం పరువు పోయింది.

ఆవిడ ఏమీ తిట్టలేదు. కాగితాన్ని నావైపు తిప్పి, పైన పెన్ను పెట్టి, "మళ్ళీ రాయండి," అంది.

డెబ్బై రెండు. చెరో అయిదూ వేయించింది.